డబ్బాలోకి ఎక్కాక పెడల్ ఎందుకు మూగబోతుంది?

సంపాదకులకు నమస్కారం.

ఎలక్ట్రానిక్స్ చదివే డిప్లొమా, ఇంజినీరింగ్ పిల్లలకు మినీ ప్రాజెక్టు అనగానే ఎవరో చేసిన బోర్డు కొనుక్కొచ్చి రికార్డు రాసేయడం అలవాటైపోయింది. వాళ్లలో గిటార్ పట్టుకునేవాళ్లు తక్కువేం కాదు. తమ చేత్తో చేసుకుని, రోజూ కాలికింద వాడుకోగల వస్తువు వాళ్లకు ఒకటుంది. అదే ఓవర్‌డ్రైవ్ పెడల్, అంటే గిటార్‌కూ ఆంప్‌కూ (శబ్దం పెంచే పెట్టెకూ) మధ్య ఉండి, కాలితో నొక్కితే స్వరాన్ని చిక్కబరిచే చిన్న డబ్బా. ఉత్తరాల పేజీలో సర్క్యూట్ బొమ్మ వేయడం కుదరదని మాకు తెలుసు. అందుకే బొమ్మతో పని లేకుండా ఐసీ పిన్ నంబర్ల వరసలో రాస్తున్నాం. ఉత్తరం పొడుగైనా దయచేసి కోత పెట్టకండి. ఇందులో ఒక్క విలువ జారిపోయినా చేసినవాళ్ల పెడల్ పలకదు.

ఈ పనిలో దిగేవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. బల్ల మీద చక్కగా పలికిన పెడల్ డబ్బాలోకి ఎక్కాక మూగబోతుంది. తప్పంతా సర్క్యూట్‌లో ఉందనుకుని భాగాలన్నీ పీకి మళ్లీ వేస్తారు. నిజానికి చాలాసార్లు తప్పు జాక్ దగ్గరో, స్విచ్ దగ్గరో, డబ్బా గోడకు తగిలే ఒక తీగ దగ్గరో ఉంటుంది. కాబట్టి సర్క్యూట్ ఎంత జాగ్రత్తగా రాస్తామో డబ్బా గురించీ అంతే జాగ్రత్తగా రాస్తాం.

గాజు వాల్వులతో పనిచేసే ఆంప్‌ను గట్టిగా పెంచితే తరంగం పైకొసలు నొక్కుకుపోయి స్వరం చిక్కబడుతుంది. ఇల్లు అదిరిపోయేంత శబ్దం లేకుండా ఆ చిక్కదనం తెచ్చేదే ఈ పెడల్. 1977లో బాస్ కంపెనీ తెచ్చిన ఓడీ-1లోనూ, 1979లో ఐబనెజ్ తెచ్చిన ట్యూబ్ స్క్రీమర్ టీఎస్808లోనూ కీలకం ఒక్కటే. సిగ్నల్‌ను పెంచే ఆప్-ఆంప్‌లో, అవుట్‌పుట్‌ను తిరిగి ఇన్‌పుట్‌కు చేర్చే ఫీడ్‌బ్యాక్ దారిలోనే డయోడ్లు పెట్టారు. అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు డయోడ్లు పెడితే తరంగం కోసేసినట్టు బల్లపరుపుగా అయి డిస్టార్షన్ వస్తుంది. ఫీడ్‌బ్యాక్‌లో పెడితే అంచులు గుండ్రంగా ఉంటాయి, మెల్లగా మీటితే శుభ్రంగా పలుకుతుంది. మేము రాసేది ఈ రెండో రకం. ఒకే ఐసీతో, చేతిలో ఇమిడే డబ్బాకు సరిపడేలా కుదించాం.

ఐసీ 4558. ఎనిమిది పిన్నుల ఈ ఐసీలో రెండు ఆప్-ఆంప్‌లు ఉంటాయి. ఏ కంపెనీదైనా ఫరవాలేదు, పాత జపాన్ ముద్ర ఉందని ఎక్కువ ధర పెట్టక్కర్లేదు. టీఎల్072 వేసినా అదే బేస్‌లో కూర్చుంటుంది. ఐసీని నేరుగా సోల్డర్ చేయకుండా 8 పిన్నుల బేస్ వేయాలి. రెసిస్టర్లు పావు వాట్‌వి చాలు (కె అంటే వెయ్యి ఓమ్‌లు, మెగ్ అంటే పది లక్షలు): 100 ఓమ్ ఒకటి, 1కె ఒకటి, 4.7కె రెండు, 10కె మూడు, 47కె ఒకటి, 1 మెగ్ ఒకటి, 2.2 మెగ్ ఒకటి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట కెపాసిటర్లు కొనేటప్పుడు నానోఫారడ్లలో కాక కోడ్‌తో అడిగితే త్వరగా తెమిలిపోతుంది. పాలిస్టర్ రకంలో 223, 473, 103, 105 ఒక్కోటి. అంటే వరసగా 22, 47, 10 నానోఫారడ్, 1 మైక్రోఫారడ్. డిస్క్ రకంలో 104 ఒకటి, 101 ఒకటి, 47 పికోఫారడ్‌ది ఒకటి. ఈ చివరిదాని మీద కొన్నిసార్లు 470 అని ఉంటుంది. దాన్ని 470 పికో అనుకుని పక్కన పెట్టేస్తుంటారు. 470 పికో అయితే 471 అని ఉంటుంది. ఎలక్ట్రోలైటిక్ 100 మైక్రో ఒకటి, 47 మైక్రో ఒకటి, రెండూ 25 వోల్టులవి. 1ఎన్4148 డయోడ్లు రెండు, 1ఎన్5817 ఒకటి, ఎల్ఈడీ ఒకటి. పాట్‌లు, అంటే నాబ్ తిప్పితే విలువ మారే రెసిస్టర్లు, మూడు: డ్రైవ్‌కు 470కె లాగ్, వాల్యూమ్‌కు 100కె లాగ్, టోన్‌కు 22కె లీనియర్. పాట్ మీద సాధారణంగా ఏ అని ఉంటే లాగ్, బి అని ఉంటే లీనియర్.

ఇక కలపడం. అడాప్టర్ ప్లస్ ముందు 1ఎన్5817 గుండా పోవాలి, గీత ఉన్న కొస సర్క్యూట్ వైపు. ఆ తర్వాత 100 ఓమ్ రెసిస్టర్. దాని అవతలి కొసే మన ప్లస్ లైను. అక్కడ 100 మైక్రో కెపాసిటర్ గ్రౌండ్‌కు, ఐసీకి ఆనుకుని 104 గ్రౌండ్‌కు. ప్లస్ లైను 8వ పిన్‌కు, గ్రౌండ్ 4వ పిన్‌కు. ప్లస్ నుంచి గ్రౌండ్‌కు రెండు 10కెలు వరసగా వేసి, వాటి నడుమ 47 మైక్రో ప్లస్ కొస కలిపి, మైనస్ కొస గ్రౌండ్ చేయాలి. ఆ నడిమి చోటును ‘సగం వోల్టేజి’ అందాం.

ఫుట్ స్విచ్ నుంచి వచ్చే ఇన్‌పుట్ తీగ దగ్గరే 2.2 మెగ్ గ్రౌండ్‌కు. తర్వాత వరసగా 223, 10కె, ఆపై 3వ పిన్. 3వ పిన్ నుంచి 101 గ్రౌండ్‌కు, 1 మెగ్ సగం వోల్టేజికి. 2వ పిన్ నుంచి 4.7కె, దాని వెనక 473, ఆపై గ్రౌండ్. 1వ పిన్‌కూ 2వ పిన్‌కూ మధ్య నాలుగు దారులు పక్కపక్కన ఉండాలి: 47 పికో ఒకటి, 1ఎన్4148 ఒకటి, ఎదురు ముఖంగా ఇంకో 1ఎన్4148, చివరగా 47కెతో వరసగా డ్రైవ్ పాట్. 1వ పిన్ నుంచి 1కె, టోన్ పాట్ దాటి 5వ పిన్‌కు చేరాలి. 5వ పిన్ నుంచి 103 గ్రౌండ్‌కు. 6, 7 పిన్నులు ఒకదానికొకటి కలిపేయాలి. 7వ పిన్ నుంచి 105 గుండా వాల్యూమ్ పాట్‌కు. ఇంతే సర్క్యూట్.

పాట్ కాళ్ల లెక్క దగ్గర తప్పు జరిగితే పెడల్ పలుకుతుంది గానీ నాబ్ ఎదురు తిరుగుతుంది. కడ్డీ మన వైపు, కాళ్లు కిందికి పెట్టి చూసినప్పుడు ఎడమది 1, కుడిది 3. డ్రైవ్‌కు 1, 2 కాళ్లు. టోన్‌కు 2, 3. వాల్యూమ్‌లో 3వ కాలికి సిగ్నల్, 2 నుంచి అవుట్‌పుట్, 1 గ్రౌండ్. సోల్డర్ చేసేది వెనక నుంచి కాబట్టి కుడి ఎడమలు తారుమారవుతాయి. పాట్ మీద ముందే స్కెచ్ పెన్నుతో అంకెలు వేసుకుంటే మేలు.

ఈ విలువలకు కారణాలు తెలిస్తే మార్చుకోవడం తేలిక. గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో) అంటే 2వ పిన్ కింది 4.7కెకి ఫీడ్‌బ్యాక్ రెసిస్టెన్స్ ఎన్ని రెట్లుందో దానికి ఒకటి కలపడమే. డ్రైవ్ పూర్తిగా తగ్గిస్తే 47కె మాత్రమే ఉంటుంది, 11 రెట్లు. పూర్తిగా పెంచితే 517కె, 111 రెట్లు. 4.7కె, 473 కలిసి 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. ఆ కింది స్వరాలకు గెయిన్ క్రమంగా తగ్గుతుంది. గిటార్ మందపు తీగ 82 హెర్ట్జ్. దాన్నీ 111 రెట్లు పెంచితే కార్డ్ కొట్టినప్పుడు అంతా బురదలా కలిసిపోతుంది. ట్యూబ్ స్క్రీమర్‌లోనూ ఇవే రెండు విలువలు. బేస్ గిటార్‌కు చేసుకునేవాళ్లు మాత్రం 473 తీసేసి 224 వేయాలి, గీత 154 హెర్ట్జ్‌కు దిగుతుంది. టోన్ పాట్ అటూ ఇటూ తిప్పితే 103తో కలిసి పై స్వరాలను తగ్గించే గీత సుమారు 690 హెర్ట్జ్ నుంచి 15,900 హెర్ట్జ్ దాకా జరుగుతుంది. 3వ పిన్ దగ్గరి 10కె, 101 జంట చిన్నదని తీసేయకండి. అది లేకపోతే ఆకాశవాణి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్‌కు దగ్గరి ఇళ్లలో గిటార్ వెనక వార్తలు వినపడే ప్రమాదం ఉంది. ఇంత గెయిన్ ఉన్న ఐసీ రేడియో తరంగాన్ని కూడా పట్టి చదివేస్తుంది.

సోల్డరింగ్‌కు 25 వాట్ల ఐరన్, 60/40 సోల్డర్ చాలు. సీలింగ్ ఫ్యాను సరిగ్గా కింద కూర్చుంటే ఐరన్ మొన చల్లారి డ్రై సోల్డర్ (పట్టు లేని అతుకు) పడుతుంది. ఫ్యాను ఆపి కిటికీ తెరవండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడగండి, సోల్డర్‌లో సీసం ఉంటుంది.

ఐసీ పెట్టకముందు మల్టీమీటర్‌తో 4, 8 పిన్నుల మధ్య చూడాలి. 9 వోల్టుల అడాప్టర్‌తో 8.5 వోల్టులు దాటి ఉండాలి. ఐసీ పెట్టాక అది 8.4 దగ్గరికి తగ్గడం మామూలే, 100 ఓమ్‌లో ఆ మాత్రం పోతుంది. 1, 7 పిన్నుల దగ్గర అందులో సగం, అంటే సుమారు 4.2 రావాలి. 3వ పిన్ దగ్గర మాత్రం 3.8 లాంటి అంకె చూపిస్తుంది. ఇది చూసి కంగారుపడి ఐసీ మార్చేస్తారు. నిజానికి మీటర్ లోపలి 10 మెగ్ రెసిస్టెన్స్ మన 1 మెగ్‌ను లాగడం వల్ల వచ్చిన తేడా అది. మీటర్ తీసేస్తే అక్కడా 4.2 దగ్గరే ఉంటుంది. 1వ పిన్‌లో 0 గానీ, 8 దగ్గర గానీ ఉంటే అప్పుడు వెతకాలి. సగం వోల్టేజి అందకపోతే పెడల్ పూర్తిగా చావదు. గట్టిగా మీటినప్పుడు మాత్రమే తెగి తెగి పలుకుతుంది. ఆ లక్షణం వినగానే 1 మెగ్ అతుకు చూడండి.

ఇప్పుడు డబ్బా. డై-కాస్ట్ అల్యూమినియం డబ్బాల్లో 1590ఏ అనేది సుమారు 92, 38, 31 మిల్లీమీటర్లు. 1590బి సుమారు 112, 60, 31. మొదటిసారి చేసేవాళ్లు బి కొనడమే తెలివైన పని. ఏ లోనే చేయాలనుకుంటే మూడు పాట్‌ల ఆశ వదులుకుని టోన్ పాట్ బదులు బోర్డు మీదే 22కె ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పాట్) వేయండి. పాట్‌లు 9 మిల్లీమీటర్ల రకం కొనండి, బోర్డు 30, 35 మిల్లీమీటర్లు దాటకూడదు. 9 వోల్టుల బ్యాటరీకి అందులో చోటు లేదు, అడాప్టరే గతి. ప్లాస్టిక్ డబ్బా వద్దు, ట్యూబ్ లైటు హమ్మంతా (గుయ్యిమనే రొద) లోపలికి వస్తుంది. స్టీలు టిఫిన్ డబ్బా హమ్ ఆపుతుంది గానీ రేకు పలచన, కాలితో తొక్కితే స్విచ్ చుట్టూ కుంగిపోతుంది.

రంధ్రాలు బోర్డు కంటే ముందు కొట్టాలి. కాగితం మీద గీసి అంటించి, సెంటర్ పంచ్‌తో గుంట పెట్టి, 3 మిల్లీమీటర్ల బిట్‌తో దారి చేసి, తర్వాత మెట్ల బిట్‌తో నెమ్మదిగా పెంచాలి. ఒక చుక్క కిరోసిన్ వేస్తే అల్యూమినియం బిట్‌కు అతుక్కోదు. సాధారణంగా పాట్‌కు 7, జాక్‌కు 10, ఫుట్ స్విచ్‌కూ ప్లాస్టిక్ డీసీ జాక్‌కూ 12 మిల్లీమీటర్లు పడతాయి. అయినా చేతిలో ఉన్న భాగాన్ని కొలవకుండా డ్రిల్ ముట్టొద్దు. తర్వాత డబ్బాను నీళ్లతో కడిగి ఆరబెట్టండి. గోరంత అల్యూమినియం పొట్టు ఐసీ కాళ్ల మధ్య పడితే చాలు, ఇంత శ్రమా వృథా.

జాక్‌లు ఎదురెదురుగా పెట్టొద్దు. 1590ఏ వెడల్పులో రెండు జాక్‌లు ముఖాముఖి పట్టవు, ఒకటి పైకి, ఒకటి కిందికి జరపాలి. ముఖ్యమైన సంగతి: జాక్ స్థలం గుర్తించేటప్పుడు అందులో ప్లగ్ దూర్చి ఉంచండి. ప్లగ్ దూరగానే లోపలి స్ప్రింగ్ రేకు బయటికి తోసుకొస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు రెండు మిల్లీమీటర్ల ఎడం కనిపించిన చోట, కేబుల్ పెట్టగానే ఆ రేకు డబ్బా గోడకో పాట్ వీపుకో తగిలి సిగ్నల్ గ్రౌండ్ అయిపోతుంది. బల్ల మీద పలికి డబ్బాలో మూగబోవడానికి మొదట చూడాల్సింది ఇదే.

రెండోది డీసీ జాక్. గిటార్ పెడళ్లకు నడిమి సూది మైనస్, బయటి గొట్టం ప్లస్. మన బజారులో మామూలుగా దొరికే 9 వోల్టుల అడాప్టర్లలో ఎక్కువ భాగం దీనికి ఉల్టా. 1ఎన్5817 ఉంది కాబట్టి ఉల్టా పెట్టినా ఐసీ కాలదు, కానీ పెడల్ వెలగదు. లోహపు డీసీ జాక్ మాత్రం అసలు వాడొద్దు. దాని బయటి కవచం ప్లస్, మన డబ్బా గ్రౌండ్. నట్టు బిగించగానే అడాప్టర్ షార్ట్. ప్లాస్టిక్‌ది, అందులోనూ నట్టు బయట ఉండే రకం కొంటే తీగలు ముందే సోల్డర్ చేసి లోపలి నుంచి బిగించుకోవచ్చు.

మూడోది ఫుట్ స్విచ్. తొమ్మిది కాళ్ల 3పీడీటీ స్విచ్‌లో మూడు విడి స్విచ్‌లు ఉంటాయి. ఏ మూడు కాళ్లు ఒక జట్టో కళ్లతో ఊహించకుండా మీటర్‌ను కంటిన్యుటీలో (రెండు చోట్లు కలిశాయో లేదో చూపే రేంజిలో) పెట్టి నొక్కి చూడండి. తొంభై డిగ్రీలు తిప్పి పెట్టుకుంటే మొత్తం వైరింగ్ తప్పుతుంది. ఒక జట్టు నడిమి కాలికి ఇన్‌పుట్ జాక్, ఒక చివర బోర్డు ఇన్‌పుట్. రెండో జట్టు నడిమి కాలికి అవుట్‌పుట్ జాక్, అదే వైపు చివర వాల్యూమ్ 2వ కాలు. ఈ రెండు జట్ల మిగిలిన చివరలు ఒకదానికొకటి కలిపితే అదే బైపాస్, అంటే సిగ్నల్ సర్క్యూట్‌లోకి పోకుండా నేరుగా దాటే దారి. మూడో జట్టు నడిమిది గ్రౌండ్, అదే వైపు చివరిది ఎల్ఈడీ పొట్టి కాలికి. ఎల్ఈడీ పొడుగు కాలు 4.7కె గుండా ప్లస్‌కు. సుమారు ఒకటిన్నర మిల్లీ ఆంపియర్ పోతుంది, కంటికి చాలు. ఈ స్విచ్ కాళ్లకు మూడు సెకన్లకు మించి ఐరన్ ఆనించొద్దు. లోపలి ప్లాస్టిక్ మెత్తబడి కాలు పక్కకు ఒరిగితే క్లిక్ వినిపిస్తుంది గానీ లోపల కలవదు. బైపాస్‌లో పలికి నొక్కగానే పోయినా, నొక్కితేనే పలికినా ముందు ఈ స్విచ్‌నే మీటర్‌తో చూడాలి.

బోర్డు సోల్డర్ వైపు పాట్‌ల లోహపు వీపులకు తగలకుండా ఫైలు కవర్ ముక్క కోసి పెట్టండి. నల్ల ఇన్సులేషన్ టేపు వేస్తే మన ఎండలకు జిగురు కరిగి జారిపోతుంది. సముద్ర తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి పాట్‌లు గరగరమంటాయి, మూత ఉన్న సీల్డ్ రకం కొనాలి. తీగలు బహుళ పోగులవి వాడండి. ఒంటి పోగుది రెండుసార్లు వంచితే తొడుగు లోపలే తెగుతుంది, పైకి కనిపించదు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ తీగలు పక్కపక్కన పోతే డ్రైవ్ పెంచగానే ఈలవేస్తుంది. ఒకటి ఒక గోడ వెంట, ఇంకోటి ఎదుటి గోడ వెంట నడపాలి.

ఓవర్‌డ్రైవ్ చిక్కదనం లేకుండా శుభ్రంగా, చిన్నగా మాత్రమే పలికితే 2వ పిన్ కింది 4.7కె, 473 అతుకు ఊడి ఉంటుంది, లేదా ఫీడ్‌బ్యాక్‌లో డయోడ్ కాళ్లు ఒకదానికొకటి తగిలి ఉంటాయి. రెండు సందర్భాల్లోనూ గెయిన్ ఒకటికి పడిపోతుంది. డయోడ్లు రెండూ ఒకే ముఖంగా పడితే తరంగంలో ఒక సగమే నొక్కుకుపోతుంది. కావాలని తేడా కోరేవాళ్లు ఒక వైపు ఒకటి, ఇంకో వైపు రెండు వరసగా వేయొచ్చు, ఓడీ-1లో అలాగే ఉంది. జెర్మేనియం డయోడ్ల మీద మోజు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఆ పేరుతో అమ్మేవన్నీ అవి కావు. మీటర్ డయోడ్ రేంజిలో 0.55 పైన చూపిస్తే అది సిలికానే. పాత రేడియోల్లోని ఓఏ79 నిజమైన జెర్మేనియం. అది వేస్తే వోల్టేజి తక్కువ దగ్గరే నొక్కుకుని శబ్దమూ తగ్గుతుంది.

పికప్ ఉన్న ఎలక్ట్రిక్ మాండలిన్‌కు, అంటే పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి తెచ్చిన ఆ వాద్యానికి, ఈ పెడల్ విద్యుత్ పరంగా సరిపోతుంది. ఇన్‌పుట్ రెసిస్టెన్స్ సుమారు 690కె, పై స్వరాలు చావవు. కానీ డ్రైవ్ పెంచితే గమకాల్లోని బలాబలాలు సమమైపోతాయి కాబట్టి నాబ్ అట్టడుగునే ఉంచాలి. పీజో పికప్ (కంపనాన్ని విద్యుత్తుగా మార్చే బిళ్ల) అతికించిన అకౌస్టిక్ గిటార్‌కు మాత్రం సిఫార్సు చేయం. స్వరం గీరుకుంటుంది, స్పీకర్ దగ్గర కూర్చుంటే హోరెత్తుతుంది.

అన్నీ సరిగ్గా ఉండీ హమ్ వస్తుంటే గోడ వైపు చూడండి. చవక అడాప్టర్‌లో 100 హెర్ట్జ్ అల మిగిలిపోతుంది, 100 ఓమ్, 100 మైక్రో జంట దాన్ని చాలావరకు మింగుతుంది, పూర్తిగా కాదు. చేయి తీగల మీద పెట్టగానే హమ్ కొంత తగ్గడం మామూలే, అయినా ఆంప్‌కు ఎర్త్ అందుతోందో లేదో చూడాలి. వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోతే అది సరిగ్గా అందదు, బకెట్ నీళ్లు పోసి చూడండి. హమ్ పోతుందని ఆంప్ ప్లగ్ మూడో పిన్ విరిచేవాళ్లు ఉన్నారు. గిటార్ తీగలు ఆ ఎర్త్‌కే కలిసి ఉంటాయి, ఆంప్‌లో లోపం వస్తే కరెంటు వాటి మీదికే వస్తుంది. అలాగే 230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎట్టి పరిస్థితిలోనూ పెడల్ డబ్బాలో బిగించొద్దు. లోపలికి వచ్చేది 9 వోల్టులే కావాలి.

ఈ ఉత్తరం వేస్తే, మీ విద్యా పేజీ చిత్రకారుల చేత ఇందులోని పిన్ నంబర్ల ప్రకారం సర్క్యూట్ బొమ్మ గీయించి మరో రోజు ప్రచురించమని కోరుతున్నాం. విలువలు సరిచూసి ఇవ్వడానికి మేము సిద్ధం.

ఇట్లు,
గిటార్ పరికరాలు తయారుచేసే, బాగుచేసే కొందరు పాఠకులు,
హైదరాబాద్.